వాడిన లగ్జరీ కారు ఎవరికి చూపించి కొనాలి? విజయనగరం నుంచి బయల్దేరేవాళ్లకు

మా బావమరిది ఫోన్‌లో ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతూ చూపించాడు. 2013 మోడల్ బీఎండబ్ల్యూ 520డి, తెలుపు, డీజిల్, మీటర్ మీద 68 వేలు. విశాఖలో ఒక డీలర్ దగ్గర ఉంది. కొత్త క్రెటాకి పెట్టే డబ్బు కంటే తక్కువకే వస్తోంది. "ఇంకా సూసీదేటుంది బావా, ఆదివారం ఎల్లి తెచ్చీదాం" అన్నాడు. పైడితల్లమ్మ గుడి దగ్గర బండి పూజకి మా అత్తగారు అప్పటికే పంచాంగం చూసి పెట్టేశారు.

ఎవరికి చూపించావని అడిగాను. మన షెడ్డు మేస్త్రీకి ఫొటోలు పంపాడట, ఆయన బాగుందన్నాడట. అక్కడ ఆపించి, నెల రోజులు విజయనగరానికీ విశాఖకీ మధ్య తిరిగాం. ఆ తిరుగుడులో, బండిని ఎవరికి చూపించడం వల్ల ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అన్నది బాగా అర్థమైంది.

ముందు ఒక సంగతి. లగ్జరీ కారు పాతబడితే దాని ధర పడిపోతుంది కానీ దాని పార్టుల ధర పడిపోదు. పది లక్షలకి కొన్న 520డికి కూడా పార్టులు డెబ్బై లక్షల కారు ధరల్లోనే దొరుకుతాయి. అందుకే ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్లని "బండి బాగుందా" అని అడగకండి, బాగుందనే అంటారు. "వచ్చే ఏడాదిలో దీని మీద నేనెంత పెట్టాలి" అని అడగండి. ఎవరికి చూపించాలో తేల్చుకోవడానికి ఇదే కొలత. ఈ ప్రశ్నకి అంకెతో జవాబు చెప్పగలిగినవాళ్లకే డబ్బులివ్వండి.

మన షెడ్డు మేస్త్రీ

చిన్నప్పటి నుంచి మన బండ్లు చూసినవాడు, మనకి అబద్ధం చెప్పడు. ఆయన్ని తీసుకెళ్తే పెట్రోలు, టిఫిను, చేతిలో ఓ వెయ్యి. అమ్మేవాడితో ఆయనకి ఏ లావాదేవీ లేదు కాబట్టి మొహమాటం ఉండదు. ఈ ఒక్క కారణంతోనే ఆయన్ని తీసిపారేయలేం. డోర్ల మధ్య సందులు సమానంగా ఉన్నాయా, బానెట్ బోల్టుల మీద స్పానర్ గీతలున్నాయా, ఇంజిన్ ఆయిల్ ఉండే సంపు కింద తడి ఉందా, గతుకుల్లో సస్పెన్షన్ బుష్‌లు (రబ్బరు జాయింట్లు) కొట్టుకుంటున్నాయా... ఇవి ఆయన చేతికి, చెవికి తెలిసినంతగా ఏ యంత్రానికీ తెలియవు.

అయితే మొదటిసారి వెళ్లినప్పుడు జరిగింది చెప్తాను. మా మేస్త్రీ జేబులోంచి అయస్కాంతం తీశాడు. పుట్టీ పెట్టిన చోట అయస్కాంతం పట్టదు కదా, ఆయన పరీక్ష అది. వెనక మడ్‌గార్డు దగ్గర పెట్టాడు, టక్కున పట్టింది. ఎడమ డోరు మీద పెట్టాడు, జారి కింద పడింది. బానెట్ మీద పెట్టాడు, మళ్లీ పడింది. ఆయన మా వైపు తిరిగి గొంతు తగ్గించి, "బాబూ, ముందంతా పుట్టీయే. గట్టిగా గుద్దీసుంటాడు" అన్నాడు. మా వాడి ముఖం వాడిపోయింది. డీలర్ కుర్రాడు మాత్రం నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ మోడల్‌కి డోర్లూ బానెట్టూ కంపెనీ నుంచే అల్యూమినియం. అయస్కాంతం పట్టకపోవడమే అక్కడ సరైన లక్షణం. 2014 చివర్లో మన దేశానికి వచ్చిన మెర్సిడెస్ సి-క్లాస్‌కీ అంతే. అటువంటి కార్లకి పెయింట్ మందం కొలిచే మీటర్ కావాలి, అదీ ఇనుము మీద, అల్యూమినియం మీద రెండిటి మీదా పనిచేసేది. కంపెనీ పెయింట్ మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటితే మళ్లీ రంగు వేశారని, వేలల్లోకి వెళ్తే లోపల పుట్టీ ఉందని అర్థం.

మేస్త్రీ తప్పేమీ లేదు, ఆయన జీవితంలో చూసినవి మారుతీలూ బొలేరోలూ. కాబట్టి తీసుకెళ్లండి, కానీ కింద నుంచి చూసే పని, వినే పని అప్పగించండి. కంప్యూటర్‌తో పడే పని ఆయన మీద పెట్టొద్దు.

చేతిలో చిన్న స్కానర్

ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేలకి దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రాసుకున్న లోపాలు చదివేది) ఒకటి కొనుక్కోండి. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు. చాలామంది దీంతో "ఫాల్ట్ కోడ్ లేదు" అని చూసి సంబరపడిపోతారు. అసలు చూడాల్సింది అది కాదు. కోడ్‌లు తుడిచేశాక బండి ఎన్ని కిలోమీటర్లు నడిచింది అన్న లెక్క చాలా కార్ల కంప్యూటర్‌లో ఉంటుంది. దాంతో పాటు రెడీనెస్ మానిటర్లు అని ఉంటాయి, అంటే బండి తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి, కోడ్‌లు తుడిచిన వెంటనే అవన్నీ "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. బండి రకరకాల వేగాల్లో తిరిగితే గానీ అవి పూర్తవ్వవు. బ్యాటరీ మార్చినా ఇలా రావచ్చు, కాబట్టి చూడగానే దొంగ అనేయకండి, బ్యాటరీ బిల్లు అడగండి.

మా 520డిలో ఆ లెక్క 14 కిలోమీటర్లని వచ్చింది. ఫాల్ట్‌లు సున్నా. బ్యాటరీ పాతదే. అంటే మేం వస్తున్నామని తెలిసి ఎవరో శుభ్రంగా తుడిచి పెట్టారు. ఇంటికి చుట్టాలొస్తున్నారంటే చెత్తంతా మంచం కిందికి తోసేసినట్టు. ఆ చెత్త ఏమిటో మాత్రం రెండు వేల స్కానర్ చెప్పలేదు.

కంపెనీ వర్క్‌షాప్

బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి వర్క్‌షాపులు శ్రీకాకుళంలో లేవు, విజయనగరంలో లేవు. విజయనగరం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా. మీ బ్రాండ్‌కి విశాఖలో వర్క్‌షాప్ ఉందో, హైదరాబాద్ వెళ్లాలో కంపెనీ వెబ్‌సైట్‌లో చూసి, బయల్దేరే ముందు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. కారుని అక్కడికి తేవాల్సింది అమ్మేవాడు. ఆ మాట ముందే ఖాయం చేసుకోకపోతే ఒక రోజు సెలవు దండగ. మా పని అలాగే అయింది.

ఇక్కడ దొరికేది మరెక్కడా దొరకనిది సర్వీస్ చరిత్ర. 17 అక్షరాల ఛాసిస్ నంబర్ కొడితే ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ పని చేశారో వస్తుంది. ఓనర్ సమ్మతి అడుగుతారు, న్యాయమే. రెండోది వారంటీ. పొడిగించిన వారంటీ, సర్వీస్ ప్యాకేజీ ఏదైనా మిగిలి ఉందా, అది మీ పేరు మీదికి మారుతుందా అన్నది వీళ్లే చెప్పగలరు. ఐదారేళ్ల లోపు కారుకి లక్షల తేడా ఇక్కడే ఉంటుంది.

ఇబ్బందేమిటంటే వీళ్ల రిపోర్టు చదివితే గుండె ఆగుతుంది. ప్రతిదీ కొత్త పార్టు, ప్రతిదీ వాళ్ల లేబర్. వైపర్ బ్లేడ్ నుంచి ఇంజిన్ మౌంట్ దాకా అన్నీ ఒకే జాబితాలో రాసి కింద మొత్తం వేస్తారు. ఆ మొత్తాన్ని చూసి మంచి బండిని వదులుకున్నవాళ్లు ఉన్నారు. సర్వీస్ అడ్వైజర్‌ని కూర్చోబెట్టి, "సార్, ఇందులో ఈ నెలలో చేయకపోతే బండి ఆగిపోయేవి ఏవి?" అని అడిగి వాటికి టిక్కు పెట్టించుకోండి. ఈ తనిఖీకి మాకు చెప్పిన రేటు పన్నులతో కలిపి ఆరు వేల పైచిలుకు. ఎక్కువనిపిస్తే, ఒక్క రన్‌ఫ్లాట్ టైరు (గాలి పోయినా కొంత దూరం నడిచేది) ధరే దానికి రెండింతలు దాటుతుంది.

జర్మన్ బండ్లు మాత్రమే చేసే గ్యారేజ్

ఏడెనిమిదేళ్లు దాటిన కారుకి నా ఓటు వీళ్లకే. చాలామంది కంపెనీ వర్క్‌షాప్‌లో పనిచేసి బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నవాళ్లు. వీళ్లకి బండి మోడల్ చెప్పగానే ఏది ముందు పోతుందో తెలుసు. 520డి అని చెప్పగానే ఆయన ఇంజిన్ ఏదని అడిగాడు. 2014 వరకూ వచ్చిన వాటిలో చాలా వాటికి ఎన్47 అనే డీజిల్ ఇంజిన్. దాని టైమింగ్ చైన్ (ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే గొలుసు) ముందు వైపు కాక, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అది వదులైతే పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు గిలక్కాయ ఊపినట్టు గరగరమంటుంది. మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దింపాలి. పార్టు ఖర్చు ఒక ఎత్తు, దింపే ఖర్చు ఇంకో ఎత్తు.

ఇలాంటివి బ్రాండ్‌కి కొన్ని ఉన్నాయి. ఆడి ఏ3 పెట్రోల్‌లో వచ్చిన 7 గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్స్‌కి మెకట్రానిక్ యూనిట్ (గేర్లు మార్చే కంట్రోల్ భాగం) తలనొప్పి, మెల్లగా కదిలే ట్రాఫిక్‌లో జర్కులు ఇస్తే అనుమానించాలి. క్యూ7, ఎస్-క్లాస్‌లలో ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్నవాటిని రాత్రంతా నిలబెట్టి పొద్దున చూడాలి, ఒక మూల కుంగి ఉంటే లీకు. బీఎండబ్ల్యూలో వాడే జెడ్ఎఫ్ 8 స్పీడ్ గేర్‌బాక్స్ చాలా గట్టిది, కానీ "దీని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు" అని అమ్మేవాడు అంటే నమ్మకండి. తయారు చేసిన జెడ్ఎఫ్ కంపెనీయే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది.

మంచం కిందికి తోసిన చెత్త బయటపడింది ఇక్కడే. ఆ గ్యారేజ్ ఆయన తన పెద్ద స్కానర్ తగిలించి ఒక్కో మాడ్యూల్‌నీ, అంటే ఒక్కో భాగానికీ ఉండే చిన్న కంప్యూటర్‌నీ, విడివిడిగా తెరిచాడు. ఇంజిన్ మాడ్యూల్ ఖాళీ, ఎవరో తుడిచేశారు. తర్వాత గేర్‌బాక్స్ మాడ్యూల్, అదీ ఖాళీయే. తర్వాత ఏసీ మాడ్యూల్. పాత ఫాల్ట్ ఒకటి మిగిలిపోయింది, ఏదో ఫ్లాప్ మోటార్ తాలూకు చిన్న సంగతి, పైసా ఖర్చు లేనిది. ఆయన దాని మీద వేలు పెట్టి తెర మా వైపు తిప్పాడు. ఫాల్ట్ వచ్చినప్పటి కిలోమీటర్లు పక్కనే నమోదై ఉన్నాయి. 1,14,000. డ్యాష్‌బోర్డ్ మీద 68 వేలు వెలుగుతూనే ఉంది.

మీటర్ తిప్పినవాడు డ్యాష్‌బోర్డ్‌నే తిప్పుతాడు. ఈ కార్లలో కిలోమీటర్లు నాలుగైదు చోట్ల ఉంటాయి. బీఎండబ్ల్యూలో తాళం చెవిలో కూడా ఉంటాయి. అన్నీ దిద్దే ఓపిక అందరికీ ఉండదు. ఆయన మా దగ్గర రెండున్నర వేలు తీసుకున్నాడు. మా వాడు ఆ కారు కొనలేదు, మూడు వారాల తర్వాత వేరేది కొన్నాడు, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు.

వీళ్లతో ఒక జాగ్రత్త. అమ్మే డీలర్ "మనకి తెలిసిన గ్యారేజ్ ఉంది, అక్కడ చూపించుకోండి" అంటే నవ్వి ఊరుకోండి. గ్యారేజ్‌ని మీరే వెతకాలి, డబ్బు మీరే ఇవ్వాలి. ఇంకో రకం కూడా ఉంది. ఏదో ఒకటి చెప్పి, కొన్నాక పని తనకే వచ్చేలా చూసుకునేవాడు. అందుకే వెళ్లగానే "మేం ఉండేది విజయనగరం, సర్వీస్ ఎక్కడ చేయిస్తామో ఇంకా అనుకోలేదు" అనేశాను.

యాప్ కంపెనీల రిపోర్టు

ఇందులో రెండు రకాలున్నాయి, చాలామంది కలిపేస్తారు. కారు అమ్మే కంపెనీయే ఇచ్చే "200 పాయింట్ల చెకప్" ఒకటి. అది సరుకు మీద అతికించిన లేబుల్, మీ తరఫు రిపోర్టు కాదు. ఆ 200లో హారన్, లోపలి లైటు, బూట్‌లో జాకీ కూడా పాయింట్లే. చైన్ శబ్దానికీ ఒకటే పాయింటు, జాకీకీ ఒకటే పాయింటు. రెండోది, మీరు డబ్బు కట్టి మనిషిని పంపించుకునే సర్వీస్. కారు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉన్నప్పుడు ఇది పనికొస్తుంది. రెండు మూడు వేలతో రైలు టికెట్టూ రెండు రోజుల సెలవూ మిగులుతాయి. కానీ వద్దని చెప్పడానికే ఆ రిపోర్టుని నమ్మండి. కొనమని చెప్తే మాత్రం ఆ ఊళ్లోనే ఒక జర్మన్ గ్యారేజ్‌కి మళ్లీ చూపించండి.

ఢిల్లీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆదేశం, 2018లో సుప్రీంకోర్టు సమర్థన వచ్చాక, పెద్ద డీజిల్ కార్లు చౌకగా బయటి రాష్ట్రాలకి రావడం మొదలైంది. ధర చూసి నోరూరుతుంది. ఎన్ఓసీ (పాత ఆర్టీఏ ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), మన రాష్ట్రంలో మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్, తెచ్చే ఖర్చు కలిపి కాగితం మీద రాసుకున్నాక ఆ ఊరడం తగ్గుతుంది. తెలంగాణ బండికీ ఎన్ఓసీ, ట్యాక్స్ తప్పవు.

మరి ఏది ఎప్పుడు?

ఐదేళ్ల లోపు కారు, వారంటీ ఉందంటున్నారు: నేరుగా కంపెనీ వర్క్‌షాప్. ఎనిమిదేళ్లు దాటింది: ముందు మేస్త్రీ, చిన్న స్కానర్, తర్వాత జర్మన్ గ్యారేజ్. మధ్యలో ఉన్నవాటికి రెండూ చేయించాలి, పిసినారితనం చేయొద్దు. చరిత్రకి కంపెనీ, రోగానికి గ్యారేజ్. ఐదు బండ్లు చూస్తుంటే ఐదింటికీ పెద్ద తనిఖీ చేయించక్కర్లేదు. చిన్న స్కానర్‌తో, కాగితాలతో మూడు రాలిపోతాయి.

బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్, అంటే 2020 ఏప్రిల్ తర్వాతవి చూస్తుంటే, పొగలో మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ ఎంత నిండిందో స్కానర్‌లో చూడమని ప్రత్యేకంగా అడగండి. అది శుభ్రపడాలంటే బండి హైవే మీద వేడెక్కాలి. శ్రీకాకుళం నుంచి రోజూ విశాఖ వెళ్లొచ్చేవాళ్లకి ఆ బెంగ లేదు. విజయనగరంలో కోట నుంచి రైల్వే స్టేషన్ దాకా తిరిగే మా బావమరిది లాంటివాళ్లకి పెట్రోలే మేలు. వాడు విన్నాడా, అది వేరే సంగతి.

వరద బండి

ఎవరు ఇన్‌స్పెక్షన్ చేసినా ఇది మాత్రం మీరు దగ్గరుండి చేయించుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2020 అక్టోబరులో హైదరాబాద్ వరద, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు. మునిగిన బండ్లలో కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీల వేలం నుంచి చేతులు మారి, తళతళలాడుతూ మళ్లీ అమ్మకానికి వస్తాయి. మామూలు కారు మునిగితే ఆరబెట్టి నడపొచ్చేమో. ఈ కార్లలో సీట్ల కింద, డిక్కీలో మాడ్యూల్స్ ఉంటాయి. బీఎండబ్ల్యూకి బ్యాటరీ కూడా డిక్కీలోనే. తడిసిన కనెక్టర్ ఏడాది తర్వాత తుప్పు పట్టి, ఒక్కో లైటూ వెలిగించడం మొదలెడుతుంది.

సీటు బెల్టుని చివరిదాకా లాగండి. నెమ్మదిగా, ఆగిపోయేదాకా. లోపల చుట్టుకుని ఉన్న ఆఖరి రెండు జానల మీద బురద గీత గానీ, రంగు తేడా గానీ ఉందేమో చూడండి. అంతవరకూ లాగి ఉతికే ఓపిక పాలిష్ చేసేవాళ్లకి ఉండదు. బెల్టు లేబుల్ మీద తయారైన తేదీ ఉంటుంది. పదేళ్ల కారుకి రెండేళ్ల బెల్టు ఉంటే, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న ప్రమాదం జరిగిందేమో అడగాలి. తర్వాత సీటు ముందుకి జరిపి పట్టాల కింద వేలితో రుద్దండి, స్పేర్ టైరు గుంటలో చెయ్యి పెట్టండి, బురద గానీ తుప్పు గానీ తగులుతుందేమో చూడండి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో పెరిగిన బండికి వరద రాకపోయినా ఉప్పుగాలి బండి అడుగుభాగాన్ని తినేసి ఉండొచ్చు, ర్యాంప్ ఎక్కించకుండా వదలొద్దు.

కాగితాల్లో ఒక్కటి చెప్తాను, మిగతావి అందరూ చెప్పేవే. పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంతుందో చూడండి. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం ఉంటుంది. "చిన్న గీత కూడా పడలేదు సార్" అంటున్నవాడి పాలసీలో సున్నా ఉంటే, ఆ సున్నా కథ చెప్పమనండి.

టెస్ట్ డ్రైవ్

పొద్దున ఎనిమిదికల్లా వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, మరో రోజు వస్తామని చెప్పండి. చల్లని ఇంజిన్ మొదటి అర నిమిషంలో చెప్పే నిజం తర్వాత చెప్పదు. మధురవాడ నుంచి ఆనందపురం వైపు హైవే మీద కొంత దూరం నడిపి గేర్లు ఎలా మారుతున్నాయో చూడండి. తర్వాత సింహాచలం ఘాట్ ఎక్కించండి, ఏసీ వేసే. పైకి చేరాక ఇంజిన్ ఆపకుండా ఐదు నిమిషాలు నిలబెడితే కూలింగ్ ఫ్యాన్ సంగతీ, లీకుల సంగతీ తేలుతుంది. అప్పన్న దర్శనం ఎలాగూ అవుతుంది.

టోకెన్ అడ్వాన్స్ ఇవ్వక తప్పకపోతే ఐదు, పది వేలు మించొద్దు, అదీ ఫోన్ పే చేసి. రసీదు మీద ఈ రెండు వాక్యాలు రాయించుకోండి: "కొనేవారు తమకు నచ్చిన వర్క్‌షాప్‌లో తనిఖీ చేయించుకుంటారు. తనిఖీలో కిలోమీటర్లు, ప్రమాదం, నీట మునక విషయంలో తేడా వస్తే టోకెన్ పూర్తిగా వాపసు." 520డి వదిలేశాక మా బావమరిది వేరే కారు చూస్తూ ఇదే కాగితం పెడితే, ఒక డీలర్ సంతకం చేయనన్నాడు, ఇంకో ఆయన చదివి, "వర్క్‌షాప్ దాకా బండి నేనే తెస్తాను, డీజిల్ మాత్రం మీరు కొట్టించండి" అన్నాడు.